మోమి ఆంటీ వేసిన దండ

మెడలో పూలదండతో కూర్చున్న మనిషి చచ్చిపోయాడని చాలాసేపటి వరకు ఎవరికీ తెలియలేదు.

దీవుల్లోని హిలో ఊళ్లో సముద్రం ఒడ్డు వీధి పండగ రోజు అలాగే ఉంటుంది. ఎవడైనా కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటే తాగాడనుకుంటారు, లేదా పాట వింటున్నాడనుకుంటారు. క్లారెన్స్ కలామా తన ఎండు స్క్విడ్ బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాలి ఉన్నాడు. టోపీ మీద వాన తుంపర. మెడలో తెల్లపూల దండ. నిప్పుల మీద స్క్విడ్ మాడిపోతోంది. ఆ కమురు వాసనే మొదట నిజం చెప్పింది.

లోపాకా కేయావె అతని ముందు ఆగాడు. ఎడమచేతిలో మనపువా ఉంది, పందిమాంసం కూరి ఆవిరి మీద ఉడికించిన పెద్ద బన్ను. తినడానికి కొన్నది కాదు. ఆఫీసుకు రహస్య కబుర్లు మోసే క్లారెన్స్‌కు ఎడమచేతిలో బన్ను ఒక గుర్తు. నోటిమాట రెండో గుర్తు.

"వాన ఎప్పుడాగుతుందన్నా?" అన్నాడు.

"హిలోలో వాన ఆగదు తమ్ముడూ, ఊపిరి తీసుకుంటుంది" అని క్లారెన్స్ అనాలి. అనలేదు.

లోపాకా అతని భుజం మీద చెయ్యి వేసి, పాత స్నేహితుడి చెవిలో ఏదో చెబుతున్నట్టు వంగి, మెడ మీద వేళ్లు పెట్టాడు. నాడి లేదు. దండ ముడి మీద లేత నీలం రిబ్బను చుట్టి ఉంది. రిబ్బను పైకెత్తితే మెడ వెనక చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. ముడి లోపల చిటికెనవేలి గోరంత లోహపు గొట్టం. దానికి రెండు రంధ్రాలు. ఒకదాంట్లోంచి సన్నటి సూది బయటికొచ్చి ఉంది. రెండోది ఇంకా లోపలే ఉంది. పక్కన బియ్యపు గింజంత రిసీవర్. ఎవరో దూరం నుంచి మీట నొక్కారు. సూది దిగింది. ఒకటి తప్పితే రెండోది సిద్ధంగా ఉంది.

క్లారెన్స్ దండ తీసి పారేయలేదు. ఎందుకు తీస్తాడు? ప్రేమగా వేసిన దండను వేసినవాళ్ల కళ్లెదుట తీయడమంటే వాళ్ల మొహాన ఉమ్మినట్టు. ఆ దీవుల్లో మూడేళ్ల పిల్ల కూడా ఆ పని చేయదు.

లోపాకా ముడి విప్పి గొట్టాన్ని జేబులో వేసుకున్నాడు. బండి కింద గ్యాసు కట్టేశాడు. క్లారెన్స్ అతనికి చిన్నప్పుడు ఈత నేర్పినవాడు. గ్యాసు కట్టేయడం తప్ప ఇంకేం చేయాలో లోపాకాకు తోచలేదు. తన మనసు లోపల ఏదైనా కదులుతుందేమోనని ఒక్క క్షణం చూశాడు. ఏమీ కదల్లేదు. కదలడం మానేసి చాలా కాలమైంది.

చెవిలో గుండీంత ఇయర్‌ఫోన్ గరగరలాడింది.

"ఓపిహీ. రిపోర్ట్." ఫుజినాగా మేడమ్ గొంతు. నిఘా ఆఫీసులో అతని పై అధికారి. ఓపిహి అంటే అలలు ఎంత కొట్టినా రాయిని వదలని నత్త. పదిహేను ఆపరేషన్లు అతుక్కుని ఉన్నందుకు ఆమె పెట్టిన కోడ్ పేరు అది.

"క్లారెన్స్ పోయాడు."

"ఎలా?" ఇది ఇంకో గొంతు. అదే లైన్‌లో ఉన్న సెలెస్త్ వార్డ్. స్టేజీ దగ్గర కాపలా డ్యూటీ ఆమెది.

"కూర్చున్నవాడు లేవలేదు."

అంతే చెప్పాడు. సూది సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. నోరు తెరిచి మాటలు పేర్చడం అతనికి బరువైన పని.

"హార్ట్ ఎటాక్ అని రాయిస్తాను" అంది మేడమ్. "నువ్వు స్టేజీ దగ్గరికి పద. రేపు పొద్దున కోర్టు తలుపు తెరిచేదాకా కవెహి ప్రాణం నీ పూచీ. ఆమె పోతే కేసు పోయినట్టే."

కేసు! కవెహి పోతే పోయేది కేసొక్కటేనా?

కవెహి అతని అక్క. ఒకే కడుపున పుట్టలేదు. లోపాకాను కన్న తల్లి చేతులు చాలక ఇచ్చేస్తే, కవెహి తల్లి తీసుకుని తన పాలు పట్టింది. ఆ దీవుల్లో అలా తీసుకున్న బిడ్డను పెంపుడు కొడుకని ఎవరూ అనరు, కొడుకనే అంటారు. ఆ తల్లి పోయిన రోజు లోపాకా ఏదో దేశంలో ఏదో హోటల్లో మారుపేరుతో ఉన్నాడు. కబురు విని లిఫ్టు ఎక్కి మీటింగుకు వెళ్లాడు. ఆ రోజు నుంచే ఇలా.

కవెహి కొండ మీద రేడియో స్టేషన్లో టెక్నీషియన్. సముద్రం మీద ఎగిరే ప్రతి మాటనూ ఆ స్టేషన్ వింటుంది. ఒకప్పుడు ఆ కొండంతా చేమ మళ్లు. సర్కారు కంచె వేసింది, దేశభద్రత అని బోర్డు కొట్టింది, మళ్లు పండించినవాళ్ల మనవలకే లోపల నెలజీతం ఉద్యోగాలిచ్చి మహోపకారం చేశామంది. ఇప్పుడు ఆ స్టేషన్ విన్నదంతా ఎవరో బయటిదేశపు ముఠాకు అమ్ముతున్నారు. ఆ అమ్మేది ఎవరో కవెహి కనిపెట్టింది. లోపాకా అడిగితే మొహం మీదే చెప్పింది.

"ఆ దొంగ మీ ఆఫీసులోనే ఉందో, ఉన్నాడో. మీలో ఎవరికి చెప్పినా ఆ చెవిలో పడుతుంది. రేపు జడ్జి ముందు చెప్తా. నీక్కూడా చెప్పను పో."

"పండగ మానెయ్ అక్కా. ఇంట్లో ఉండు."

"ఆంటీల బ్యాండులో ఉకులేలె నేను వాయించకపోతే మోమి ఆంటీ నన్ను చంపుద్ది. మీ ముఠా ఏపాటి!"

లోపాకా జనంలోకి నడిచాడు. సాయంత్రపు వెలుగు సముద్రం మీద ఇంకా మిగిలే ఉంది. ఒక స్టేజీ మీద గిటారు, ఇంకో చోట డప్పులు. ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, చేమదుంప ముద్ద, రంగు పోసిన ఐసు, నెత్తి మీద వాన. ఎవరికీ గొడుగు లేదు. ఎవరికీ తొందర లేదు.

చువ్వల మీద కోళ్లు తిప్పుతున్న సోల్ అంకుల్ పొగలోంచి అరిచాడు.

"ఒరే కంచె మనిషీ! ఇటు రారా!"

"ఏం అంకుల్?"

"మా చేమ మళ్లలో మీ దొరలు ఇంకా చెవులు పాతుకునే ఉన్నారా?"

"ఉన్నారు."

"వాళ్ల జీతం తింటున్నావే, నీకు సిగ్గుందా?"

"ఎక్కడో ఉండే ఉంటుంది. వెతకాలి."

సోల్ అంకుల్ పగలబడి నవ్వాడు. "కోడి తిని వెతుక్కో."

"ఆకలి లేదు."

"మీ అమ్మ పోయిన కాడ్నించి నీకు ఆకలి ఎప్పుడేసిందిరా! చేతిలో ఆ బన్నేంటి మరి? అలంకారమా?"

లోపాకా బన్ను వైపు చూశాడు. చేతిలో ఇంకా ఉందని మర్చిపోయాడు. పారేయడానికి చెత్తబుట్ట కనిపించలేదు. అలాగే పట్టుకుని నడిచాడు.

పెద్ద స్టేజీ మీద ఆంటీల బ్యాండు మొదలైంది. పూల గౌన్లు వేసుకున్న లావుపాటి ఆడవాళ్లు అరడజను మంది. మధ్యలో కవెహి చిట్టి గిటారు లాంటి ఉకులేలె వాయిస్తూ పాడుతోంది. లోపాకా స్టేజీ పక్క మెట్ల దగ్గరికి చేరాడు.

కవెహి మెడలో తెల్లపూల దండ ఉంది. పాట మధ్యలో ఆమె ఇటు తిరిగింది. జుట్టు కింద, మెడ వెనక, లేత నీలం రిబ్బను.

అదే రిబ్బను.

మెట్ల పక్క కుర్చీలో మోమి ఆంటీ కూర్చుని ఉంది. కవెహి పెద్దమ్మ, బ్యాండుకు రాణి. పక్కనే ఆమె మనవరాలు, నిండు చూలాలు, పొట్ట మీద ఐసు గిన్నె పెట్టుకుని తింటోంది. మనవరాలి మెడలోనూ దండ ఉంది. కానీ దానికి ముడి లేదు. రెండు కొసలూ విడివిడిగా పొట్ట మీదికి వేలాడుతున్నాయి.

"అక్కకి దండ ఎవరేశారు ఆంటీ?"

"నేనే వేశా. ఇందాకే, అందరి ముందూ. ఏం, నీకు వేయలేదని ఏడుపా?"

"నువ్వే గుచ్చావా?"

మోమి ఆంటీ తన వేళ్లు చూపించింది. కీళ్లు ఉబ్బి వంకర్లు పోయాయి. "ఈ వేళ్లతోనా? మీ ఆఫీసు పిల్ల తెచ్చిచ్చింది. ఎర్రగౌను పిల్ల. 'మీ చేత్తో వేస్తే ఆమెకి ఆనందం ఆంటీ' అంది. మంచి పిల్ల. దాన్నైనా చేసుకోరాదురా?"

అదే క్షణంలో చెవిలో ఆ మంచి పిల్ల గొంతు పలికింది.

"ఓపిహీ, చేరుకున్నావా? నీకు ఎదురుగానే ఉన్నా."

లోపాకా తల ఎత్తాడు. స్టేజీకి అవతలి పక్క, స్పీకరు పెట్టె దగ్గర సెలెస్త్. ఎర్రటి గౌను, కుడిచెవి మీద పువ్వు. దారిన పోయే ప్రతి మగాడూ మెడ తిప్పి చూస్తున్నాడు. ఆమె చేతిలో వెండి పౌడర్ డబ్బా. తెరిచి అద్దంలో చూసుకుంటోంది. బొటనవేలు డబ్బా అంచు మీద ఉంది. ఆ వేలు అక్కణ్నుంచి కదలడం లేదు.

"చేరుకున్నా" అన్నాడు లోపాకా.

"అంతా ప్రశాంతం. పాట అయిపోనీ, ఆమెను కూర్చోబెట్టి నీళ్లిస్తా."

కూర్చోబెట్టి. క్లారెన్స్ లాగా. చప్పట్ల మధ్య, కుర్చీలో, అలసిపోయి నిద్రపోయినట్టు. ఆమె ఆ మీట వెంటనే ఎందుకు నొక్కలేదో ఇప్పుడర్థమైంది. స్టేజీ మీద కుప్పకూలితే డాక్టర్లు పరిగెత్తుతారు, మెడ చూస్తారు. కుర్చీలో పోతే ఇంకో హార్ట్ ఎటాక్.

అతను లెక్కలు వేసుకున్నాడు. భయం లేదు. భయం కూడా ఉంటే బాగుండేది. మేడమ్‌కు చెబితే అదే లైన్‌లో సెలెస్త్ వింటుంది. సెలెస్త్ మీదికి దూకితే ఆమె వేలు అతని కాళ్లకన్నా వేగం. అక్కకు సైగ చేస్తే అక్క మొహమే అంతా బయటపెట్టేస్తుంది. వెళ్లి దండ లాగేస్తే, లాగేలోపే సూది దిగుతుంది. దండ తీయమంటే అక్క తీయదు. వేసింది మోమి ఆంటీ, ఎదురుగా కూర్చుని ఉంది. తల తెగినా తీయదు.

ముఠా నమ్ముకున్నది సరిగ్గా దాన్నే. ఆ మర్యాద సెలెస్త్‌కు నేర్పింది లోపాకానే. కాలిఫోర్నియా నుంచి వచ్చిన కొత్తలో సముద్రం ఒడ్డున కూర్చుని అడిగేది. ఇదేంటి, అదెందుకు, చెప్పవా? అతను చెప్పేవాడు. ఆమె అడిగినంత వరకే చెప్పేవాడు.

అడిగినంత వరకే.

లోపాకా చూపు మళ్లీ చూలాలి మెడ మీద పడింది. ముడి లేని దండ. రెండు విడి కొసలు.

పాట ఆఖరి చరణంలోకి వచ్చింది.

అతను మెట్లెక్కాడు. బన్ను చేతిలోనే ఉంది. చెవిలో సెలెస్త్ గొంతు పదునెక్కింది. "ఓపిహీ? స్టేజీ మీద ఏం పని?"

"ఇంటి పని" అని, పక్కనున్న మైకు లాక్కున్నాడు. పాట ఆగింది. కవెహి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

ఎన్నో ఏళ్లుగా ఎవరి ముందూ గొంతెత్తని మనిషి వీధంతా వినేలా అన్నాడు.

"మా అక్క కడుపుతో ఉంది!"

కోళ్ల చువ్వలు తిరగడం కూడా ఆగింది. తర్వాత ఉరుము లాంటి కేక. ఈలలు, డప్పులు, ఎవరో శంఖం కూడా ఊదారు.

"ఏంట్రా!" అంది కవెహి.

ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే మోమి ఆంటీ అప్పటికే కుర్చీలోంచి లేచి గుండెలు బాదుకుంటోంది.

"అయ్యో నా చేతులు పడిపోనూ! కడుపుతో ఉన్నదానికి మూసిన దండ వేశానే! బిడ్డ మెడకి పేగు చుట్టుకోదూ! విప్పండే! ముడి విప్పండే!"

బ్యాండు ఆంటీలంతా కవెహి మీద పడ్డారు. ఒకామె గిటారు వదిలేసింది, ఒకామె చెప్పు వదిలేసింది. పూలగౌన్ల గోడ కట్టినట్టయింది. బయటి నుంచి చూసేవాళ్లకు అవి కౌగిలింతలు. చెవిలో సెలెస్త్ నవ్వింది కూడా. "ఓపిహీ, నాకు చెప్పనే లేదే!"

"ముడి నేను విప్పుతా ఆంటీ! నేనే!" లోపాకా ఆ గోడలోకి దూరాడు. ఎడమచెయ్యి అక్క జుట్టు కిందికి పోనిచ్చి, మెడకూ ముడికీ మధ్య బన్ను కుక్కాడు.

"పందిమాంసం దాని నెత్తికి రాస్తావేంట్రా, పిచ్చి ముదిరిందా?" ఒకామె వీపు మీద ఒక్కటిచ్చింది.

"కదలకు అక్కా."

"నాకు నలభై తొమ్మిది రా గాడిదా!"

"కదలకు."

ఆ గొంతు ఆమెకు తెలుసు. కదల్లేదు. అతను కుడిచేత్తో రిబ్బను లాగాడు. వాన తడికి ముడి బిగిసింది. గోరు దూర్చాడు. మోమి ఆంటీ అరుస్తూనే ఉంది. "విప్పరా, విప్పి కొసలు వదిలెయ్, అలా వేలాడాలి!" మైకు దగ్గరే పడి ఉంది. ఆ అరుపు స్పీకర్లలోంచి వీధంతా మోగింది.

అప్పుడు అర్థమైంది సెలెస్త్‌కు. నవ్వు ఠక్కున ఆగింది.

టిక్.

అతని అరచేతిలో బన్ను లోపల ఏదో చిన్నగా పొడిచింది. లోతుగా, మెత్తటి పిండిలోకి, మాంసంలోకి. ముడి ఊడింది. దండ అక్క మెడ మీంచి జారి అతని చేతిలోకి వచ్చింది.

మొదటి సూది మనిషిని పడేయడానికి కాస్త సమయం పడుతుంది. అందుకే సెలెస్త్ వెంటనే రెండోది నొక్కలేదు. కవెహి ఎప్పుడు కూలుతుందా అని మెడ సాచి ఆ పూలగౌన్ల గోడ వైపే చూస్తోంది. లోపాకా స్టేజీ వెనక నుంచి దిగి, స్పీకరు పెట్టె చుట్టూ తిరిగి, ఆమె వెనకే నిలబడ్డాడు. దండ ఆమె తల మీదుగా వేసి, మెడ వెనక ముడి బిగించాడు. వంగి చెంప మీద ముద్దు పెట్టాడు. దండ వేసినవాళ్లు అలా పెట్టాలి. అదీ మర్యాదే.

"అలోహా, సెలెస్త్."

ఆమె రాయి అయిపోయింది.

"ఇందులో..." ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. "ఇంకోటి ఉంది."

"తెలుసు. క్లారెన్స్ చూపించాడు. పౌడర్ డబ్బా ఇటివ్వు. మెల్లగా."

ఇచ్చింది. వేళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి అతనికి కొంచెం అసూయ కలిగింది.

"తీసెయ్ లోపాకా. దయచేసి."

"దండ వేసినవాడి కళ్లెదుట తీయకూడదు. నీకు నేర్పించాగా."

"కడుపుతో ఉన్నవాళ్ల సంగతి నేర్పలేదు!"

"నువ్వు అడగలేదు."

డబ్బా మూత ఒత్తి మూసి, ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్ పీకి, రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత తన ఇయర్‌ఫోన్‌లో చెప్పాడు. "మేడమ్, మనిషి దొరికింది. ఈ లైన్‌లో ఇక మనిద్దరమే. దండ విప్పడం తెలిసినవాణ్ని ఒకణ్ని పంపండి."

ఫుజినాగా మేడమ్ మనుషులు పూలచొక్కాల్లో వచ్చి, ఎర్రగౌనును చెయ్యి పట్టుకుని నాట్యానికి తీసుకెళ్తున్నట్టే తీసుకెళ్లారు. ఎవరూ పట్టించుకోలేదు. వీధి అంతా కవెహికి పుట్టబోయే బిడ్డకు పాట కట్టే పనిలో ఉంది.

లోపాకా స్టేజీ వెనక్కి వచ్చాడు. కవెహి ఒక డ్రమ్ము మీద కూర్చుని ఉంది. జుట్టులో పందిమాంసం. అతను జేబులోంచి క్లారెన్స్ మెడలో దొరికిన గొట్టం తీసి చూపించాడు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె తన మెడ వెనక తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"క్లారెన్స్ పోయాడా?"

"పోయాడు."

ఆమె ఏడ్చింది. అతను పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె నెత్తి మీద పెట్టాడు.

"రేపు చెప్పబోయే పేరు దానిదే" అంది ముక్కు చీదుతూ. "ఎర్రగౌనుదే. నువ్వు దానితో తిరుగుతున్నావని తెలిసే నీకు చెప్పలేదు."

"మంచి పని చేశావు."

"నీకు బాధగా లేదురా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "తెలియడం లేదు అక్కా. ఉంటే రేపో ఎల్లుండో తెలుస్తుందేమో."

మోమి ఆంటీ మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చింది. "ఆడపిల్లయితే మా అమ్మ పేరు. మగాడైతే తర్వాత చూద్దాం. తండ్రెవరే?"

"తర్వాత చెప్తా పెద్దమ్మా" అంది కవెహి తమ్ముణ్ని కొరికేసేలా చూస్తూ.

వాన ఊపిరి తీసుకుంటోంది. సోల్ అంకుల్ పొగ ఇటు తిరిగింది. అప్పుడు ఒక వింత జరిగింది. లోపాకా కడుపు గుర్రుమంది. పక్కనున్న ఇద్దరాడవాళ్లకూ వినబడేంత గట్టిగా. మొదట అదేమిటో అతనికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చూపు ఇందాక పరిగెత్తుతూ పక్క డ్రమ్ము మీద వదిలేసిన బన్ను వైపు పోయింది.

అప్పటికే ఆఫీసు కుర్రవాడొకడు చేతి తొడుగులతో దాన్ని ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసి, సీలు వేస్తున్నాడు. మనపువా బండి వాళ్లు కొట్టు కట్టేసి పాట దగ్గరికి పోయారు.

మోమి ఆంటీ సంచి వైపూ, లోపాకా మొహం వైపూ మార్చి మార్చి చూసింది.

"సాయంత్రమంతా చేతిలో పట్టుకుని ఊరేగావు. వేడిగా ఉన్నప్పుడే తినచ్చుగా?"

"తినుంటే అక్క పోయేది ఆంటీ."

"సరే, మరి ఇప్పుడు?"

"ఇప్పుడది సర్కారు సొత్తు."

మోమి ఆంటీ పక్కకు తిరిగి ఉమ్మింది.

"దాన్ని కూడానా!"